పది వారాలా, పదిహేను వారాలా: సెమిస్టర్, క్వార్టర్ చదువుల లెక్క

గత ఏడాది జూలైలో ఒక సాయంత్రం ఆకివీడు వైపు నుంచి ఒక రొయ్యల రైతు మా ఇంటికి వచ్చారు. వాళ్లమ్మాయి ఇంటర్లో నా దగ్గర లెక్కలు చదువుకుంది. బీటెక్ ఆఖరి పరీక్షలు రాసేసింది, ఎమ్మెస్‌కి అమెరికా వెళ్దామనుకుంటోంది. ఆయన చేతిలో రెండు అడ్మిషన్ లెటర్లున్నాయి. ఒకదాంట్లో క్లాసులు ఆగస్టు మూడో వారంలో మొదలు, ఇంకోదాంట్లో సెప్టెంబర్ చివర్లో.

"మాస్టారూ, ఇందులో సెమిస్టర్ అని ఉందండి, అందులో క్వార్టర్ అని ఉందండి. క్వార్టరంటే పావే కదండీ? పావు చదువు చెప్పి పూర్తి డబ్బులు కట్టించుకుంటారేమోనని మా ఇంట్లో భయపడుతున్నారండి."

ఆ భయంలో తప్పేం లేదు. మనకు క్వార్టర్ అన్న మాట బడిలో అలవాటైంది. దసరా సెలవులకి ముందు క్వార్టర్లీ పరీక్షలు, ఆ తర్వాత హాఫ్ ఇయర్లీ, వేసవికి ముందు యాన్యువల్. తర్వాత వాటి స్థానంలో ఫార్మేటివ్ (ఎఫ్ఏ), సమ్మేటివ్ (ఎస్ఏ) పరీక్షలు వచ్చాయి గానీ, మా వయసు వాళ్లకి క్వార్టర్లీ అంటే అసలు పరీక్ష రాకముందు రాసే చిన్న పరీక్షే. అమెరికాలో క్వార్టర్ అంటే పరీక్ష కాదు, ఒక టర్మ్. పాఠం మొదలు దగ్గర్నుంచి గ్రేడ్ చేతికొచ్చేదాకా అంతా అందులోనే అయిపోతుంది. ఈ తేడా సరిగ్గా తెలియక మంచి సీటు వదులుకున్న పిల్లలు నాకు తెలుసు. అందుకే ఆ సాయంత్రం ఆయనకి చెప్పినవీ, ఆ తర్వాత నేను ఆలోచించుకున్నవీ కలిపి రాస్తున్నాను.

ముందు కాగితం మీద లెక్క చూద్దాం. సెమిస్టర్ పద్ధతిలో చదువు ఏడాదిని రెండు భాగాలు చేస్తారు. ఒక్కో భాగంలో సుమారు 15 వారాల పాఠాలు, ఆపైన పరీక్షలు. మొదటిది ఆగస్టు చివర్లో మొదలై డిసెంబర్ మధ్యలో ముగుస్తుంది. రెండోది జనవరి నుంచి మే దాకా. క్వార్టర్ పద్ధతిలో మొత్తం క్యాలెండర్ ఏడాదిని నాలుగు చేస్తారు: ఫాల్, వింటర్, స్ప్రింగ్, సమ్మర్. ఒక్కోదాంట్లో సుమారు 10 వారాల పాఠాలు, ఆపైన పరీక్షల వారం. ఎక్కువమంది మొదటి మూడు టర్మ్‌లే చదువుతారు, సమ్మర్ వాళ్ల వాళ్ల వీలును బట్టి. ఫాల్ సెప్టెంబర్ చివర్లో మొదలవుతుంది, స్ప్రింగ్ జూన్ మధ్యలో అయిపోతుంది. పదిహేను రెళ్లు ముప్పై, పది మూళ్లు ముప్పై. చదివే వారాలు రెండిట్లోనూ ఒకటే. పావు అన్నది క్యాలెండర్‌లో పావు, చదువులో కాదు.

తర్వాత క్రెడిట్లు, అంటే ఒక్కో కోర్సు ఎంత బరువో కొలిచే అంకెలు. చాలా ఇళ్లలో గాభరా మొదలయ్యేది ఇక్కడే. సెమిస్టర్ పద్ధతిలో అమెరికా డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి, క్వార్టర్ పద్ధతిలో 180. ఎమ్మెస్‌కైతే ఎక్కువ చోట్ల సెమిస్టర్లో 30, క్వార్టర్లో 45. పైకి చూస్తే క్వార్టర్లో ఒకటిన్నర రెట్లు చదవాలన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఒక క్వార్టర్ క్రెడిట్ అంటే సెమిస్టర్ క్రెడిట్‌లో మూడింట రెండు వంతులు. 45ని మూడింట రెండుతో గుణిస్తే 30. బరువు ఒకటే, కొలిచే కుంచం వేరు. ఫీజు చూసేటప్పుడు మాత్రం ఇది మర్చిపోకూడదు. ఉదాహరణకి ఒక చోట క్రెడిట్‌కి 1,000 డాలర్లు, ఇంకో చోట 1,500 డాలర్లు అని ఉందనుకోండి. మొదటిది చవక అనిపిస్తుంది. అది క్వార్టర్ క్రెడిట్ అయితే మొత్తం 45,000 డాలర్లు. రెండోది సెమిస్టర్ క్రెడిట్ అయితే అదీ 45,000 డాలర్లే. మొత్తం కోర్సుకి ఎంతవుతుందో చూడాలి తప్ప, ఒక్కో క్రెడిట్ ధర చూసి తూకం వేయకూడదు.

ఇంతవరకూ ఆయనకి అర్థం కావడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. "అయితే మన సార్వా, దాళ్వా లాంటిదన్నమాట. వీళ్లు రెండు పంటలు తీస్తారు, వాళ్లు మూడు తీస్తారు," అన్నారు. నేను ఆగిపోయాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకి ఈ విషయం చెబుతున్నాను గానీ, ఇంత దగ్గర పోలిక నాకు తట్టలేదు.

గోదావరి డెల్టాలో పుట్టిన వాళ్లకి ఏడాదిని ముక్కలు చేయడమంటే ఏంటో ఎవరూ నేర్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి జూన్‌లో కాలువలకి నీళ్లు వదులుతారు. మొదటి వరి పంట సార్వా నాట్లు పడతాయి, నవంబర్, డిసెంబర్లలో కోతలు. ఆ వెంటనే రెండో పంట దాళ్వా, ఏప్రిల్‌లో కోతలు. తర్వాత మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఈ మధ్య చాలా ఏళ్లుగా వ్యవసాయ అధికారులు రైతులతో ఒక మాట అంటూనే ఉన్నారు: సార్వాను ముందుకు జరపండి, తుఫాన్లు రాకముందే కోసేయండి, మూడో పంటగా అపరాలు వేసుకోవచ్చు. మాట మంచిదే. కానీ మూడో పంట కావాలంటే ముందు మొదటి పంట రకం మార్చాలి. మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ, అంటే 7029, సుమారు 150 రోజుల పంట. అదే కేంద్రం ఇచ్చిన కాటన్ దొర సన్నాలు, అంటే 1010, సుమారు 120 రోజుల పంట. స్వర్ణను 120 రోజులకే కోస్తే చేతికొచ్చేది తాలు. తక్కువ రోజుల్లో పండాలంటే దానికోసమే తయారైన విత్తనం కావాలి.

క్వార్టర్ పుట్టుక వెనకా ఇలాంటి ఆలోచనే ఉంది. 1892లో షికాగో విశ్వవిద్యాలయం తలుపులు తెరిచినప్పుడు దాని మొదటి అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ ఏడాదిని నాలుగు క్వార్టర్లుగా నడిపించాడు. వేసవిలో కూడా భవనాలు, లైబ్రరీ, అధ్యాపకులు ఖాళీగా ఉండకూడదన్నది ఉద్దేశం. 1960లలో కాలేజీ వయసుకొచ్చిన పిల్లలు ఒక్కసారిగా పెరిగినప్పుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కూడా ఇదే దారి పట్టింది. 1966లో క్వార్టర్లకి మారింది. కొత్త క్యాంపస్‌లు కట్టడంకన్నా ఉన్నవాటినే ఏడాది పొడుగునా నడపడం నయమనుకున్నారు. అంటే క్వార్టర్ పిల్లల చదువు కోసం పుట్టలేదు, పొలం బీడు పడకూడదని పుట్టింది. చదువుకి దానివల్ల మంచి జరిగిందా, చెడు జరిగిందా అన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చింది.

తర్వాతి దశాబ్దాల్లో గాలి తిరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోనే బర్కిలీ 1983లో సెమిస్టర్‌కి వెళ్లిపోయింది. జార్జియా రాష్ట్ర విశ్వవిద్యాలయాలు 1990ల చివర్లో మారాయి. ఒహాయో స్టేట్ 2012లో, రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2013లో మారాయి. ఇప్పటికీ క్వార్టర్లో నడిచేవి తక్కువే అయినా వాటిలో పేరున్నవి ఉన్నాయి: స్టాన్‌ఫర్డ్, షికాగో, నార్త్‌వెస్టర్న్, డార్ట్‌మత్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ల లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో, డేవిస్ క్యాంపస్‌లు, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం. మారిన వాళ్లు చెప్పే కారణాల్లో ప్రధానమైనది చుట్టుపక్కల వాళ్లతో కలిసి నడవడం. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారే పిల్లల క్రెడిట్లు సులువుగా సరిపోవాలి, వేసవి ఇంటర్న్‌షిప్ తేదీలు కలవాలి, ఏడాదికి మూడుసార్లు చేసే రిజిస్ట్రేషన్, ఫీజులు, గ్రేడ్ల పని రెండుసార్లకి తగ్గాలి. చుట్టూ అందరూ ఒకేసారి నాట్లు వేసి నీ చేను ఒక్కటే నెల ముందో వెనకో అయితే ఎలకలూ పిట్టలూ అన్నీ దాని మీదే పడతాయి. మారిన వాళ్లు తప్పించుకోవాలనుకున్నది అదే.

అసలు తేడా క్యాలెండర్‌లో కనిపించదు, నాలుగో వారంలో కనిపిస్తుంది.

మన ఇంజనీరింగ్ పిల్లలకి 1-1 (మొదటి ఏడాది మొదటి సెమిస్టర్) నుంచి 4-2 (నాలుగో ఏడాది రెండో సెమిస్టర్) దాకా ఒక అలవాటు పడిపోయింది. ఎనిమిది వారాల పాఠాలు, ఒక మిడ్. మళ్లీ ఎనిమిది వారాలు, రెండో మిడ్. తర్వాత ప్రాక్టికల్స్, ఎక్స్‌టర్నల్స్. మొదటి మిడ్‌కి ముందు వారం దాకా పుస్తకం తెరవని పిల్లలు కూడా ఆ వారంలో ఆల్‌ఇన్‌వన్ గైడు పట్టుకుని నెట్టుకొచ్చేస్తారు. ఇది పిల్లల తప్పని నేను అనను. పద్ధతి వాళ్లకి ఎనిమిది వారాలు ఏమీ చెప్పకుండా వదిలేస్తోంది. క్వార్టర్లో ఎనిమిదో వారం అంటే కోర్సు దాదాపు అయిపోయినట్టే. మొదటి మిడ్‌టర్మ్ మూడో వారానికో నాలుగో వారానికో వచ్చేస్తుంది. రెండోది ఉంటే ఏడో వారం ప్రాంతంలో. వీటి మధ్యలో వారం వారం హోంవర్కులు, వాటికీ మార్కులు. రెండు వారాలు జెట్‌ల్యాగ్ అనో, గది వెతుక్కోవడం అనో, బ్యాంకు ఖాతా అనో పోయాయంటే ఐదో వంతు కోర్సు పోయినట్టు.

ఆయనకి ఇది చెప్పడానికి నేను చెరువు దగ్గరికే వెళ్లాను. రొయ్యల చెరువులో మేత వేశాక రైతు చెక్‌ట్రే పైకి లేపి చూస్తాడు. మేత మిగిలితే రొయ్య తినడం లేదని అర్థం. నీళ్లలో తేడా వచ్చిందో, జబ్బు మొదలైందో, అదే రోజు తెలుస్తుంది. ఆయన అలా రోజుకి ఎన్నిసార్లు చూస్తారో, ఏ ట్రేలో ఎంత మిగిలిందో ఒక మేత పుస్తకంలో రాస్తారు. పంట మొత్తం మూడు నాలుగు నెలలే గనుక, నెల తర్వాత చూసుకుందాం అంటే చూసుకోవడానికి ఏమీ మిగలదు. క్వార్టర్లో మిడ్‌టర్మ్ ఇలాంటి చెక్‌ట్రే. పంట చిన్నదైన కొద్దీ ట్రే తొందరగా లేపాలి.

"మరి చిన్న పంటలో కౌంట్ పెద్దగా రాదు కదండీ," అన్నారాయన. కేజీకి వంద రొయ్యలు తూగితే వంద కౌంట్, ముప్పై తూగితే ముప్పై కౌంట్. రొయ్య ఎంత ఎదిగితే కౌంట్ అంకె అంత తగ్గుతుంది, ధర అంత పెరుగుతుంది. ఎదగడానికి రోజులు కావాలి. పది వారాల్లో చదువు ఎదుగుతుందా అన్నది ఆయన అడిగిన ప్రశ్న. ఈ విషయంలో ఇంతకన్నా సరైన ప్రశ్న లేదు.

లెక్కల మాస్టారుగా నా జవాబు: కొన్ని ఎదుగుతాయి, కొన్ని ఎదగవు. కాలిక్యులస్‌ని మూడు క్వార్టర్లకి మూడు ముక్కలుగా పంచితే పిల్లలకి మేలే. ప్రతి ముక్క చివరా ఒక గ్రేడ్ చేతికొస్తుంది, ఎక్కడ జారారో తెలుస్తుంది. ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ లాంటి చేత్తో చేసి నేర్చుకునే కోర్సులు కూడా పది వారాల్లో బాగానే నడుస్తాయి. రియల్ అనాలిసిస్, అంటే కాలిక్యులస్‌ని మొదటి నుంచి రుజువులతో కట్టే కోర్సు లాంటిది వేరు. ఎప్సిలాన్, డెల్టా అనే గుర్తులతో లిమిట్‌ని నిర్వచించడం మొదటిసారి విన్నప్పుడు ఏ పిల్లకీ ఎక్కదు. రెండోసారి కూడా ఎక్కదు. మధ్యలో నాలుగైదు వారాలు ఇంకేవో చదువుతుంటే, ఒక రోజు బస్సులో కూర్చుని ఉండగా హఠాత్తుగా అర్థమవుతుంది. నాకు అలాగే అర్థమైంది, తణుకు నుంచి ఇంటికి వచ్చే బస్సులో. ఆ నానే కాలం పది వారాల టర్మ్‌లో దొరకడం కష్టం. పెద్ద ప్రాజెక్టులు, పరిశోధన వ్యాసాలు, నెలల తరబడి నడిచే ప్రయోగాలు కూడా అంతే. అందుకే క్వార్టర్ విశ్వవిద్యాలయాల్లో పెద్ద విషయాలను రెండు మూడు టర్మ్‌ల వరుసగా పెడతారు. ఇబ్బందల్లా పదిహేను వారాల సిలబస్‌ని తగ్గించకుండా పది వారాల్లో కుక్కే చోట వస్తుంది. స్వర్ణను 120 రోజులకి కోసినట్టే.

ఇంతవరకూ చెప్పింది చదివితే సెమిస్టర్ నెమ్మదైనది కాబట్టి పిల్లలకి అదే సురక్షితం అనిపిస్తుంది. చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను, అలాగే చెప్పాను. తర్వాత నా ఆలోచన కొంత మారింది. 2022లో బోస్ట్‌విక్, ఫిషర్, లాంగ్ అనే ముగ్గురు అమెరికా ఆర్థికశాస్త్రవేత్తల పరిశోధన ఒకటి అచ్చయింది. క్వార్టర్ నుంచి సెమిస్టర్‌కి మారిన కాలేజీల్లో, మారకముందుతో పోలిస్తే, నాలుగేళ్లలో డిగ్రీ పూర్తిచేసే పిల్లల శాతం తగ్గిందని వాళ్లు చూపించారు. మార్పు జరిగిన ఏడాది గందరగోళం వల్ల మాత్రమే కాదు, ఆ తర్వాత కూడా ఆ తగ్గుదల అలాగే ఉంది. విద్యార్థుల మార్కుల రికార్డుల్లోకి వెళ్లి చూస్తే మూడు కారణాలు కనిపించాయి: మొదటి ఏడాది గ్రేడ్లు తగ్గాయి, టర్మ్‌కి పూర్తి లోడ్ కోర్సులు తీసుకునేవాళ్లు తగ్గారు, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) ఏదో తేల్చుకోవడం ఆలస్యమైంది.

నాకు ఇది మొదట నమ్మబుద్ధి కాలేదు. ఆలోచిస్తే అర్థమైంది. సెమిస్టర్లో ఒకేసారి నాలుగైదు సబ్జెక్టులు నెత్తిమీద ఉంటాయి. క్వార్టర్లో మూడో నాలుగో. ఐదింటిలో ఒకటి వెనకబడితే దాన్ని లాగడానికి మిగతా నాలుగింటి సమయం పోతుంది, ఆఖరికి రెండు మూడు దెబ్బతింటాయి. ఒక సబ్జెక్టు తనకి పడదని తెలుసుకోవడానికి సెమిస్టర్లో నాలుగు నెలలు ఖర్చవుతాయి, క్వార్టర్లో రెండున్నర నెలలు. ఫెయిలైనా, వదిలేసినా పోయేది చిన్న ముక్క. మన పిల్లల బ్యాక్‌లాగ్‌లు చూడండి. ఒక్క 1-1లో ఎమ్-వన్ (మొదటి లెక్కల పేపర్) పోతే, దాని సప్లీ ఎప్పుడొస్తుందా అని చూస్తూ 1-2, 2-1 కూడా పాడు చేసుకునే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. అయితే ఆ పరిశోధన అమెరికాలో డిగ్రీ చదివే పిల్లల మీద జరిగింది. మన ఊళ్ల నుంచి ఎమ్మెస్‌కి వెళ్లి, మొదటి నెల అక్కడి యాసే అర్థంకాని పిల్లకి ఇదంతా యథాతథంగా వర్తిస్తుందని నేను చెప్పను. నాకు అందులోంచి దొరికింది ఒకటే. పొడుగు టర్మ్ దానంతటదే దయగలది కాదు. నువ్వు వెనకబడ్డావని ఎప్పుడు చెబుతుంది, చెప్పాక కోలుకోవడానికి ఎన్ని వారాలు మిగులుస్తుంది, ఈ రెండే చూడాలి. మొదటిదాంట్లో క్వార్టర్ నయం, రెండోదాంట్లో సెమిస్టర్ నయం.

ఆ రెండో మాట విలువ వరద వచ్చినప్పుడు తెలుస్తుంది. గోదావరికి నీళ్లొస్తే యలమంచిలి మండలంలో కనకాయలంక కాజ్‌వే మునిగిపోతుంది, లంకలోని పిల్లలు పడవల మీద రావాలి, లేదా మానేయాలి. 2022 జూలై వరదల్లో డెల్టా లంకలన్నిటిదీ ఇదే పరిస్థితి. నవంబర్లో తుఫాను పడితే కోతకొచ్చిన చేను దగ్గర ఇంటిల్లిపాదీ ఉండాల్సిందే, కాలేజీకి ఎవరొస్తారు? అలా రెండు వారాలు పోయాయనుకోండి. పదహారు వారాల టర్మ్‌లో అది ఎనిమిదో వంతు, ఆదివారాలు క్లాసులు పెట్టి పూడ్చుకోవచ్చు. పది వారాల్లో ఐదో వంతు, పూడ్చడానికి ఆదివారాలు చాలవు. అమెరికాలో వరద రాకపోవచ్చు. జ్వరం వస్తుంది, ఇంటి దగ్గర ఎవరో పోయారన్న కబురు వస్తుంది, టికెట్ దొరికి వచ్చి వెళ్లేసరికి రెండు వారాలవుతుంది. క్వార్టర్లో అలాంటి దెబ్బ తగిలితే మొండిగా లాగకుండా వెంటనే ప్రొఫెసర్‌తోనూ, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుతోనూ మాట్లాడాలి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న పిల్లలు ఫుల్‌టైమ్ లోడ్ కిందికి దిగాలంటే ముందే అనుమతి కావాలి. అడగకుండా కోర్సు వదిలేస్తే వీసాకే ముప్పు.

ఇక్కడ మా అధ్యాపకుల గదిలో తరచూ వచ్చే మాట ఒకటుంది: అంత మంచిదైతే మన డిగ్రీ కాలేజీల్లోనూ క్వార్టర్ పెట్టొచ్చు కదా? మన రాష్ట్రంలో డిగ్రీ చదువు 2015-16లో ఏడాది పరీక్షల నుంచి సెమిస్టర్‌కి మారింది. ఆ మార్పుని నేను తరగతి గదిలో నిలబడి చూశాను. అంతకుముందు మార్చిలో ఒకేసారి రాసే పరీక్ష, ఆ తర్వాత స్పాట్ వాల్యుయేషన్, దాంతో సరి. సెమిస్టర్ వచ్చాక ఆ పనంతా ఏడాదికి రెండుసార్లు అయింది. ప్రశ్నపత్రం విశ్వవిద్యాలయంలో తయారవ్వాలి, అచ్చయి సీలు పడి కేంద్రాలకి చేరాలి, జవాబు పత్రాలకి కోడ్‌లు వెయ్యాలి, అధ్యాపకులు క్యాంపుకి వెళ్లి దిద్దాలి, ఫలితాలు రావాలి, సప్లీలు పెట్టాలి. నేను క్యాంపులో ఉన్న రోజుల్లో నా క్లాసు ఖాళీగా ఉంటుంది. కాగితం మీద పదహారు వారాలున్న సెమిస్టర్లో చాక్‌పీస్ పట్టుకుని నిజంగా పాఠం చెప్పింది పన్నెండు వారాలైతే ఆ ఏడు బాగా జరిగిందనుకునేవాణ్ని.

అమెరికాలో పది వారాల టర్మ్ ఎలా సాధ్యమవుతోందంటే, అక్కడ పాఠం చెప్పినవాడే పేపర్ ఇస్తాడు, టీఏల (బోధనలో సాయపడే సీనియర్ విద్యార్థుల) సాయంతో తనే దిద్దుతాడు, పరీక్ష అయిన వారం పది రోజుల్లో గ్రేడ్ వేస్తాడు. క్వార్టర్ పద్ధతి మొత్తం ఈ ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది. పాఠం చెప్పేవాడు ఒకడు, పేపర్ ఇచ్చేవాడు ఒకడు, దిద్దేవాడు ఇంకొకడు అయిన చోట పది వారాల టర్మ్ పెడితే ఏడాదిలో సగం రోజులు పరీక్షలకే పోతాయి. మన దగ్గర కూడా తన పరీక్షలు తనే పెట్టుకునే సంస్థల్లో చిన్న టర్మ్‌లు హాయిగా నడుస్తున్నాయి. ఐఐఎంలలో రెండేళ్ల ఎంబీఏని ఏడాదికి మూడు టర్మ్‌ల చొప్పున చెబుతారు. కాబట్టి క్యాలెండర్ మార్చాలనే వాళ్లు ముందు దిద్దే పద్ధతి గురించి మాట్లాడాలి. అధ్యాపకుణ్ని నమ్మి అతని క్లాసుకి అతన్నే పరీక్షకుణ్ని చేస్తే, మనకున్న సెమిస్టరే పూర్తి పదహారు వారాలు అవుతుంది. దీని మీద నాకు చాలా గట్టి అభిప్రాయం ఉంది, ఎక్కడ మీటింగ్ పెట్టినా చెబుతూనే ఉన్నాను.

మళ్లీ ఆ రెండు లెటర్ల దగ్గరికి వస్తాను. పాఠాల సంగతి కాకుండా ఇంటి సంగతి కూడా ఒకటి ఉంది: డబ్బులు ఎప్పుడు కట్టాలి? సెమిస్టర్‌కైతే ఆగస్టు, జనవరి. క్వార్టర్‌కైతే సెప్టెంబర్, జనవరి, మార్చి చివర. వరి రైతుకి సార్వా డబ్బులు డిసెంబర్, జనవరిల్లో చేతికొస్తాయి, దాళ్వావి ఏప్రిల్, మేలో. జనవరి వాయిదా ఎవరికైనా సర్దుబాటవుతుంది. ఆగస్టుది కష్టం, అప్పుడే నాట్లకీ ఎరువులకీ పెట్టుబడి పోసి ఉంటారు. మార్చి చివరిదీ కష్టమే, దాళ్వా ఇంకా చేలోనే ఉంటుంది. అయితే మూడు వాయిదాలంటే ఒక్కోదాని బరువు తక్కువ. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ టర్మ్ వారీగా విడుదల చేస్తుంది గనుక లోన్ మీద వెళ్లేవాళ్లు బ్యాంకులో ముందే ఏ తేదీలకి ఎంత కావాలో కాగితం మీద ఇచ్చేయడం మంచిది. ఆఖరి రోజున పరుగు పెడితే డాలర్ రేటు ఎంతుంటే అంతకి కొనాల్సి వస్తుంది.

ఇంటర్న్‌షిప్ సంగతి సెమిస్టర్ వైపు మొగ్గుతుంది. సెమిస్టర్ పిల్లలు మే మధ్యకి ఖాళీ అవుతారు, క్వార్టర్ పిల్లలు జూన్ మధ్యకి. చాలా కంపెనీలు జూన్ చివర్లో మొదలయ్యే రెండో బ్యాచ్ పెడుతున్నాయి కాబట్టి ఇది మునుపటంత పెద్ద అడ్డంకి కాదు, కానీ చిన్న కంపెనీల్లో అడిగి తెలుసుకోవాలి. మొదలయ్యే తేదీ మాత్రం క్వార్టర్ వైపు మొగ్గుతుంది. మన పిల్లలకి 4-2 ఫలితాలు వచ్చి, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చి, వీసా స్లాట్ దొరికేసరికి ఆగస్టు వచ్చేస్తుంది. సెమిస్టర్ అప్పటికే తలుపు దగ్గర ఉంటుంది. క్వార్టర్లో ఇంకో నెల వ్యవధి దొరుకుతుంది. ఈ నెల విలువ ఇంట్లో టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఆ అమ్మాయి విషయంలో తేల్చింది ఈ ఒక్క నెలే. ఫలితాలు ఆలస్యమయ్యాయి, ప్రొవిజనల్ ఆగస్టు రెండో వారంలో వచ్చింది. సెమిస్టర్ సీటు చేజారింది, క్వార్టర్ సీటు మిగిలింది. ఇంటర్లో తను నెమ్మదిగా అందుకునే పిల్ల, అందుకున్నాక వదలదు. అందుకే నాకు మొదటి నెల గురించే బెంగ. వెళ్లేముందు ఇంటికి వస్తే రెండు మాటలు చెప్పాను: మొదటి క్వార్టర్లో ఫుల్‌టైమ్‌కి ఎంత కనీసమో అంతే తీసుకో, నాలుగో వారం దాకా ప్రతి హోంవర్క్ మిడ్‌టర్మ్ అనుకుని చెయ్యి.

అక్టోబర్ చివర్లో వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. మొదటి మిడ్‌టర్మ్‌లో ఒక సబ్జెక్టులో సగం మార్కులు కూడా రాలేదట. ఏడ్చిందట. తర్వాత ఆఫీస్ అవర్స్‌కి, అంటే విద్యార్థుల సందేహాల కోసం ప్రొఫెసర్ కేటాయించిన వేళల్లో, వెళ్లి కూర్చుంటోందట, వారానికి రెండుసార్లు.

"మన దగ్గరైతే ఈపాటికి ఇంకా మొదటి మిడ్ కూడా అయ్యేది కాదు కదండీ మాస్టారూ," అన్నారు.

"ఔనండి. ఇంకో నాలుగు వారాల తర్వాత తెలిసేది."

"రెండోది ఎప్పుడని చెప్పింది గానండి, నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఏడో వారం అంటే ఏ తేదీ అవుతుందండీ?"

క్యాలెండర్ తీసి లెక్కపెట్టి చెప్పాను. అవతల మోటార్ల చప్పుడు, కాగితాలు తిప్పుతున్న శబ్దం వినిపించాయి. చెరువు గట్టు మీదే ఉన్నట్టున్నారు.

"ఆయ్, రాసుకున్నానండి. మేత పుస్తకంలోనే రాశాను, రోజూ చూస్తాను కదండీ."